తెగిన రెక్క, పక్కవాటు వెలుగు

కర్ణాటకలోని కోలారు జిల్లా బంగారుపేట తాలూకాలో, ఆంధ్ర సరిహద్దుకు చేరువగా ఉన్న కామసముద్రం ఒక హోబళికి కేంద్రం. కొన్ని గ్రామాలను కలిపి పాలన కోసం ఏర్పరచిన విభాగాన్ని మైసూరు సీమలో హోబళి అంటారు. ఊరి పేరు చివర ఉన్న 'సముద్రం' ఉప్పునీటిది కాదు, చెరువుది. ఏడాది పొడవునా పారే నది లేని ఈ మెట్టసీమలో తవ్వించిన చెరువును సముద్రమని గొప్పగా పిలుచుకోవడం పాత అలవాటు. పొరుగున ఉన్న బూదికోట హైదరాలీ పుట్టిన చోటు, మరికొంత దూరంలో ఉన్నవి బంగారు గనులు, ఆ పక్కనే పోయేది 1864లో బెంగళూరును మద్రాసుతో కలిపిన రైలుదారి. ఇంట్లో తెలుగు, బడిలోనూ కచేరీలోనూ కన్నడం, గనుల దగ్గర తమిళం వినిపించే ఈ ప్రాంతంలో రామాయణం కూడా ఒకే దారిన రాలేదు. గుడి పైకప్పు మీది రంగుల్లో ఒక రకంగా, తోలుబొమ్మల తెర మీద మరొక రకంగా, గాజు బిగించిన పటంలో ఇంకొక రకంగా వచ్చింది. ఈ మూడింటిలో చివరిదాని వెనుక, ఎవరూ దాని పేరు తలవకపోయినా, పదిహేడో శతాబ్దపు ఐరోపా చిత్రకళ నీడ ఉంది.

ఆ కళను చరిత్రకారులు బరోక్ అంటారు. గుండ్రంగా కుదరని సొట్ట ముత్యానికి పోర్చుగీసు భాషలో ఉన్న మాట నుంచి ఈ పేరు వచ్చిందని ఎక్కువమంది చెబుతారు; మొదట దీన్ని ఎగతాళిగానే వాడారు, తర్వాత అదే శైలికి పేరుగా నిలిచింది. అంతకు ముందు తరాల ఇటలీ చిత్రకారులు కొలతలో, సమతూకంలో అందాన్ని వెతకగా, 1600 ప్రాంతంలో రోములో పనిచేసిన కారవాజియో, ఆంట్వెర్ప్ నగరంలో పెద్ద చిత్రశాల నడిపిన పీటర్ పాల్ రూబెన్స్ వంటివారు కథలో అత్యంత తీవ్రమైన క్షణాన్ని పట్టుకుని, చూసేవాడు అందులోంచి తప్పుకోలేనంత దగ్గరగా దాన్ని నిలబెట్టారు. ఇందుకు వారు వాడిన పనిముట్లు ప్రధానంగా రెండు. మొదటిది ఒక పక్క నుంచే పడే వెలుగు; దాని వల్ల దేహంలో సగం మెరుస్తుంది, మిగతా సగం చీకట్లో కలుస్తుంది, ఈ పద్ధతికి ఇటలీ భాషలో కియారోస్కూరో అని పేరు. రెండవది ఏటవాలు కూర్పు. దేహాలను నిటారుగానో అడ్డంగానో కాక పటం ఒక మూల నుంచి ఎదుటి మూలకు వాల్చి పెడితే, అవి నిలకడగా లేవని, మరుక్షణం జారిపోతాయని కన్ను తనంతట తానే అనుకుంటుంది.

రూబెన్స్ 1611-12లో మొదలుపెట్టి 1618 నాటికి పూర్తిచేసిన 'బంధితుడైన ప్రొమీథియస్' చిత్రం ఈ రెంటికీ మంచి ఉదాహరణ. దేవతల నుంచి నిప్పును దొంగిలించి మనుషులకు ఇచ్చినందుకు ప్రొమీథియస్‌ను గ్రీకుల దేవరాజు జ్యూస్ కొండకు గొలుసులతో కట్టించాడని, ఒక గద్ద రోజూ వచ్చి అతని కాలేయాన్ని పీక్కుతినేదని, అది మళ్లీ పెరిగేదని కథ. సుమారు 8 అడుగుల ఎత్తు, 7 అడుగుల వెడల్పు ఉన్న ఆ గుడ్డ మీద ప్రొమీథియస్ తల కిందికి, కాళ్లు పైకి ఏటవాలుగా జారుతుండగా, గద్ద ఒక కాలిగోరు అతని ముఖం మీద మోపి ముక్కుతో పక్కటెముకల కింద చీలుస్తోంది. దాని రెక్కలు పటం పైభాగాన్నంతా కప్పేస్తాయి. ఆ గద్దను వేసింది రూబెన్స్ కాదు, పక్షులను, జంతువులను వేయడంలో పేరు పొందిన ఫ్రాన్స్ స్నైడర్స్. ఆ సంగతిని రూబెన్సే ఒక కొనుగోలుదారుకు పంపిన జాబితాలో రాశాడు. ఇప్పుడు ఫిలడెల్ఫియా కళాసంగ్రహాలయంలో ఉన్న ఈ చిత్రాన్ని చదవవలసిన తీరు కథను మొదటి నుంచి చెప్పుకుంటూ పోవడం కాదు. నిప్పు దొంగతనం గానీ, శిక్ష విధింపు గానీ, తర్వాతి విముక్తి గానీ ఇందులో లేవు, మూలన వెలుగుతున్న కాగడా ఒక్కటే జరిగిపోయిన దానికి గుర్తు. మిగిలిందంతా నొప్పి కలుగుతున్న ఆ ఒక్క నిమిషం.

కోలారుకు వాయవ్యంగా ఉన్న లేపాక్షిలో, దాదాపు ఎనభై ఏళ్లు ముందే, విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల (1529-1542) కాలంలో విరుపన్న, వీరన్న సోదరులు కట్టించిన వీరభద్రాలయ మండపాల పైకప్పుల మీద పురాణాన్ని చూసే పద్ధతి దీనికి పూర్తిగా వేరు. అక్కడ కిరాతార్జునీయం పొడవైన పట్టీలా సాగుతుంది. అర్జునుడి తపస్సు, వేటగాడి వేషంలో శివుడు, పంది, ఆ పందిని కొట్టింది ఎవరన్న తగవు మీద పోరు, చివరకు పాశుపతాస్త్రం దక్కడం, ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. ఒకే అర్జునుడు ఒకే పట్టీలో మళ్లీ మళ్లీ కనిపించడం చిత్రకారుడి పొరపాటు కాదు, కాలాన్ని చూపడానికి ఆయనకు తెలిసిన ఉపాయం. చూసేవారు మెడ ఎత్తి మండపంలో నడుస్తుంటే కథ నడుస్తుంది, ఆగితే ఆగుతుంది. సున్నపు గచ్చు మీద ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు వంటి ఖనిజపు రంగులతో వేసిన ఈ బొమ్మలకు నల్లని అంచుగీత ప్రాణం. ముఖాలు ఎక్కువగా పక్కకు తిరిగి ఉంటాయి, కళ్లు వెడల్పుగా తెరుచుకుని ఉంటాయి, ఏ దేహానికీ నేల మీద నీడ పడదు. వెలుగు ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్నకే ఇక్కడ తావు లేదు, అందరి మీదా సమానంగా ఉంది. పోరులో కూడా శివుడూ అర్జునుడూ తమ తమ స్థానాల్లో నిలిచినట్టే ఉంటారు. ఎవరు గెలుస్తారన్నది చూసేవారికి ముందే తెలుసు గనక ఉత్కంఠను పుట్టించే పని చిత్రకారుడు తన మీద వేసుకోలేదు. దీన్ని నాటకీయత లేకపోవడంగా లెక్కగట్టిన పాత విమర్శకులు లేకపోలేదు. వారు రూబెన్స్ కొలబద్దతో లేపాక్షిని కొలిచారు, అంతే.

లేపాక్షి పేరుకు జనం చెప్పుకునే కథలు రెండూ చిత్రంగా ఆ నాటకీయతకే దగ్గరగా వస్తాయి. రావణుడు కొట్టగా పడిపోయిన జటాయువును చూసి రాముడు 'లే పక్షీ' అన్నాడని ఒకటి. రాజుగారి సొమ్ము గుడికి వాడాడన్న నిందకు విరుపన్న తన కళ్లను తానే పీకి గోడకు విసిరాడని, అక్కడి ఎర్రటి మరకలు అవేనని మరొకటి. రెండింటిలోనూ రక్తం ఉంది, రెండూ బరోక్ చిత్రకారుడికి ఇష్టమయ్యే ఘట్టాలే. ఆ రక్తం పైకప్పు మీది రంగుల్లోకి కాక, జనం నోటి మాటలోకి మాత్రమే వచ్చింది.

జటాయు ఘట్టాన్ని ఈ సీమ రక్తంతో సహా చూసిన మరో చోటు తోలుబొమ్మలాట. అనంతపురం వైపు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట నేటికీ ఈ బొమ్మలకు పేరుపడ్డ ఊరు. మేకతోలును వెలుగు చొరబడేంత పలచగా చేసి, రంగులు వేసి, నగలకు చిల్లులు పొడిచి, కీళ్ల దగ్గర దారంతో కట్టిన ఈ బొమ్మలను తెల్లని తెరకు ఆనించి ఆడిస్తారు. దీపం బొమ్మ వెనుక ఉంటుంది, జనం తెరకు ఇవతల ఉంటారు. కియారోస్కూరోలో వెలుగు దేహం మీద పడి ఆగుతుంది, తోలుబొమ్మలో దేహంలోంచే దూసుకొస్తుంది. పది తలల రావణుడు తెర మీదికి ఊగుతూ వచ్చినప్పుడు అతనికి బరువు ఉండదు, రంగు మాత్రమే ఉంటుంది. నాటకీయత అంతా ఆడించేవారి గొంతులో, కాలికింద చెక్కలు చేసే చప్పుడులో ఉంటుంది.

ఇటువంటి చూపుకు అలవాటైన జనం ఇళ్లలోకి పందొమ్మిదో శతాబ్దం చివర పూర్తిగా కొత్త రకం బొమ్మ వచ్చింది. తిరువాన్కూరులోని కిళిమానూరులో 1848లో పుట్టిన రాజా రవివర్మకు తైలవర్ణ చిత్రకళ, అంటే నూనెలో కలిపిన రంగులతో గుడ్డ మీద వేసే పద్ధతి, గురుకులంలో దొరికింది కాదు. 1868లో తిరువాన్కూరు ఆస్థానానికి రాజకుటుంబం చిత్తరువులు వేయడానికి వచ్చిన థియోడర్ జెన్సన్ అనే చిత్రకారుడు పనిచేస్తుండగా చూసి, మిగతాది సొంతంగా సాధించుకున్నాడు. జెన్సన్ బరోక్ చిత్రకారుడు కాడు. అయితే పందొమ్మిదో శతాబ్దపు ఐరోపా చిత్రకళా పాఠశాలల చదువులో పక్కవాటు వెలుగు, మాంసం బరువు, బట్టల మడతలు, ముఖంలో భావోద్రేకం అనే పాఠాలు రూబెన్స్ తరం నుంచి దిగివచ్చినవే. కాబట్టి రవివర్మ రూబెన్స్‌ను అనుకరించాడనడం కంటే, ఇద్దరూ ఒకే భాషలో మాట్లాడారని, ఆ భాష రవివర్మకు రెండు వందల ఏళ్ల తర్వాత మూడు చేతులు మారి అందిందని అనడం సబబు. బరోడా గైక్వాడు కోసం 1888-1891 మధ్య పద్నాలుగు పురాణ చిత్రాలు వేసిన ఆయన, జీవితం చివరి ఏళ్లలో మైసూరు మహారాజు నాలుగవ కృష్ణరాజ ఒడయరు కోసం మరికొన్ని వేశాడు. అప్పటికి కోలారు సీమ మైసూరు సంస్థానంలోనిదే గనక, ఆ చిత్రాలు ఒక విధంగా ఈ ప్రాంతపు రాజధానికి చేరినవే.

వాటిలో రావణుడు సీతను ఎత్తుకుపోతూ జటాయువును నరికే చిత్రం ఇక్కడ నిదానంగా చూడదగినది. పటం నిండా ఆకాశం. కాళ్ల కింద ఆనడానికి నేల లేదు, రథం లేదు. మధ్యలో రావణుడు ఒక చేత సీతను ఒడిసిపట్టి రెండో చేత కత్తి ఎత్తాడు. జటాయువు రెక్క అప్పటికే తెగింది, పక్షి కిందికి కూలుతోంది. సీత ఆ దృశ్యం చూడలేక చేత్తో ముఖం కప్పుకుంది. మూడు దేహాలూ మూడు దిక్కులకు లాగుతున్నాయి: రావణుడు పైకి, పక్షి కిందికి, సీత ఇద్దరి నుంచీ పక్కకు. ఆ మూడు లాగుళ్ల మధ్య చూపు ఒకచోట నిలవదు, కత్తి మొన నుంచి తెగిన రెక్కకు, అక్కడి నుంచి కప్పుకున్న ముఖానికి తిరుగుతూనే ఉంటుంది. రూబెన్స్ కూర్పులను చూసినవారికి ఈ తిరుగుడు పరిచితమే.

దీన్ని వాల్మీకితో పక్కపక్కన పెట్టి చదివితే చిత్రకారుడు ఏం చేశాడో తేటపడుతుంది. అరణ్యకాండలో ఈ పోరు సుదీర్ఘమైనది. అరవై వేల ఏళ్ల వయసున్న పక్షి ముందు రావణుడికి ధర్మం చెబుతుంది, తర్వాత విల్లు విరుస్తుంది, రథాన్ని ముక్కలు చేస్తుంది, రావణుడి పది ఎడమ చేతులను ముక్కుతో పెరికివేస్తుంది, అవి మళ్లీ మొలుస్తాయి. అప్పుడు రావణుడు కోపం పట్టలేక సీతను వదిలి, పక్షిని పిడికిళ్లతో, కాళ్లతో మోది, ఆ తర్వాతే కత్తి దూసి రెక్కలు, కాళ్లు, పక్కలు నరుకుతాడు. పడిపోయిన జటాయువు దగ్గరికి సీత పరుగెత్తి వెళ్లి కావలించుకుని ఏడుస్తుంది. అంటే కత్తి పడే వేళకు మూలంలో సీత రావణుడి పట్టులో లేదు. రవివర్మ మాత్రం పట్టును, నరకడాన్ని, ఏడుపును ఒకే క్షణంలోకి నొక్కాడు. లేపాక్షి చిత్రకారుడైతే నాలుగు సీతలతో పట్టీ వేసి ఉండేవాడు. పది తలలు, ఇరవై చేతులు కూడా పోయి రావణుడికి ఒక తల, రెండు చేతులే మిగిలాయి. ఇది నమ్మకం తగ్గడం వల్ల జరిగింది కాదు, వెలుగు పెట్టిన నిబంధన వల్ల జరిగింది: ఒక పక్క నుంచి వెలుగు పడే దేహానికి కండ ఉండాలి, కండ ఉన్న దేహానికి పది మెడలు ఎక్కడ అతుక్కుంటాయో చూపాలి, చూపితే అది భయం కాక వింత పుట్టిస్తుంది. తోలుబొమ్మలో పది తలలు పెద్ద చిక్కు కాదు, అక్కడ దేహానికి మందమే లేదు.

సీత చెయ్యి గురించి మరొక మాట చెప్పుకోవాలి. ముఖం కప్పుకున్న మనిషిని బొమ్మలో పెట్టడం చూసేవారికి ఒక తోడును ఇవ్వడం. ఆమె చూడలేనిదాన్ని వారు చూస్తున్నారు, ఆమె చెయ్యి వారికి ఆ సంగతిని గుర్తుచేస్తోంది. ఇక్కడే ప్రొమీథియస్ చిత్రానికీ దీనికీ అసలైన తేడా కనిపిస్తుంది. రూబెన్స్ పక్షి దేవుడి శిక్షను అమలుచేసే గద్ద, చూసేవారి జాలి దాని కింద నలిగే మనిషి మీదికి పోతుంది. రవివర్మ పక్షి అడ్డుపడినందుకు చచ్చే ముసలి గద్ద, జాలి రెక్క మీదికి పోతుంది. కూర్పు ఒకటే, రెక్కల వెడల్పు, గోళ్ల వాడి, పడుతున్న దేహపు వాలు ఒకటే, అయినా అర్థం తలకిందులైంది. పైగా కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలోని ఆవనిలో, పదో శతాబ్దం నాటికి నొలంబ రాజుల కాలంలో వెలసిన రామ, లక్ష్మణ, భరత, శత్రుఘ్నుల పేర్ల శివాలయాల వెనుక కొండ మీద, వాల్మీకి ఆశ్రమం ఉండేదని, సీత లవకుశులను కన్నది అక్కడేనని ఈ సీమవారు చెప్పుకుంటారు. వారికి పటంలోని సీత ఎక్కడో జరిగిన కథలోని స్త్రీ కాదు, కొండ మీది మనిషి.

రాజుల గోడల మీది గుడ్డ సామాన్యుల గోడకు చేరడానికి ముద్రణ కావలసి వచ్చింది. మాజీ దివాను టి. మాధవరావు 1884లోనే చిత్రాలను ఐరోపాకు పంపి అచ్చువేయించమని రవివర్మకు సలహా ఇచ్చాడు. రవివర్మ 1894లో బొంబాయిలో సొంత అచ్చుకూటమే పెట్టాడు, జర్మన్ యంత్రాలతో, జర్మన్ పనివారితో. తర్వాత అది లోనావాలా దగ్గరి మలవలికి మారింది. అక్కడ తయారైన వాటిని ఒలియోగ్రాఫులు అంటారు: నునుపు చేసిన రాతి మీద కొవ్వుతో కూడిన సిరాతో గీసి, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి చొప్పున కాగితం మీద వరసగా అచ్చువేసి, పైన వార్నిష్ పూసి తైలచిత్రంలా మెరిపించే పద్ధతి. రైలు ఉన్న చోటికల్లా అవి పోగలిగాయి. అద్దం బిగించి, కట్టు కట్టించి, మేకుకు తగిలించాక దాని పేరు ఇంట్లో ఒలియోగ్రాఫ్ కాదు, పటం.

పటంగా మారాక ఇల్లు తన షరతులు పెట్టింది. యుద్ధాల బొమ్మలు ఇంట్లో ఉంటే కలహం వస్తుందన్న నమ్మకం తెలుగువారిలో గట్టిది. అందువల్ల పూజ గూట్లోకి ఎదురుగా చూస్తూ తామరలో నిలబడిన లక్ష్మి, వీణ పట్టిన సరస్వతి వచ్చారు, జటాయు వధ వంటివి వస్తే గిస్తే వసారాకో నడవకో పరిమితమయ్యాయి. లక్ష్మి బొమ్మలోనూ పక్కవాటు వెలుగు ఉంది, చీర మడతల్లో నీడ ఉంది, కానీ జరుగుతున్నది ఏమీ లేదు; బరోక్ పాఠంలో సగం ఇంట్లోకి వచ్చింది, రెండో సగం గుమ్మం దగ్గర ఆగింది. ఆ సగాన్ని కూడా కొందరు ఊరికే వదల్లేదు. అచ్చుబొమ్మ మీది చీరకు జరీ, అంచులకు చెమ్కీలు, కిరీటానికి తళుకు కాగితం అంటించే అలవాటు దక్షిణాదిన అంతటా ఉండేది. చిత్రకారుడు నీడతో కష్టపడి తెచ్చిన లోతును ఆ చెమ్కీలు ఒక్క పూటలో చదును చేసేవి, సీదాగా మెరిసే ఆ దేవత మళ్లీ లేపాక్షి వైపు, మైసూరు బంగారు రేకు చిత్రాల వైపు జరిగేది. దీన్ని పల్లెటూరి అభిరుచి అని కొట్టిపారేయడం తేలిక. పూజించేవారికి కావలసింది దీపానికి బదులిస్తూ మెరిసే ముఖం, పక్క కిటికీ నుంచి వెలుగు పడే ముఖం కాదు అని గ్రహించడం కొంచెం కష్టం.

వెలుగు విషయంలో ఈ సీమకు వేరే చరిత్ర కూడా ఉంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ చేతికి వచ్చిన కోలారు గనులకు 1902లో శివనసముద్రం జలపాతం నుంచి కరెంటు తీగలు వచ్చాయి, బెంగళూరు వీధులకు అది 1905లో అందింది. అయినా గనిలో, మూడు కిలోమీటర్ల దాకా పోయిన ఆ లోతుల్లో, మనిషి చూపు తన చేతిలోనో తలమీదో ఉన్న దీపం పడినంత మేరకే. ముఖంలో ఒక చెంప, భుజం, రాయి అంచు మాత్రమే వెలిగి మిగతాది నల్లగా ఉండిపోయే దృశ్యం కారవాజియో అభిమానులు సంగ్రహాలయాల్లో వెతుక్కునేది. 2001 ఫిబ్రవరిలో గనులు మూతపడేదాకా అది అక్కడి పనివారికి ప్రతి షిఫ్టులోనూ ఉన్నదే.

రవివర్మ 1906లో చనిపోయినా ఆ కూర్పులు ఆగలేదు. ఆయన అచ్చుకూటంలో కొంతకాలం పనిచేసిన దాదాసాహెబ్ ఫాల్కే 1913లో 'రాజా హరిశ్చంద్ర' సినిమా తీశాడు. కోవిల్‌పట్టిలో స్థిరపడిన సి. కొండయ్యరాజు (1898-1976) వంటివారి బొమ్మలు శివకాశిలో క్యాలెండర్లుగా అచ్చయి ప్రతి కిరాణా కొట్టు నుంచీ ఉగాదికో సంక్రాంతికో ఇళ్లకు వచ్చాయి. మలవలి అచ్చుకూటం 1972లో కాలిపోయింది. క్యాలెండర్ మీది ఏడాది ముగిశాక కూడా తీసేయడానికి మనసొప్పక వెనుక అట్ట పెట్టి కట్టు కట్టించిన క్యాలెండర్ బొమ్మలు ఎండ తగిలే గోడల మీద ఉంటే, వాటిలో ముందుగా పోయేవి ఎరుపు, పసుపు. కొన్నేళ్లకు కత్తి మీది రక్తం, తెగిన చోటి గాయం, సీత పసుపు పూసిన పాదాలు చెరిగిపోయి, నీలం మాత్రమే మిగిలిన ఆకాశంలో ఒక లేత నీలపు రెక్క దేనికీ అతుక్కోకుండా తేలుతూ ఉంటుంది.